చూసినవారు, ఓటేసినవారు: గుంటూరులో ఒక డివిజన్ ఎన్నిక

2021 మార్చి 10న గుంటూరు నగరపాలక సంస్థకు జరిగిన ఎన్నికల్లో, పాత గుంటూరు వైపున్న ఒక డివిజన్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడిన వ్యక్తి తరఫున ఓటర్ల అధ్యయనం, బూత్ పని నేను చూశాను. ఆయన అప్పటిదాకా ఏ పార్టీలోనూ తిరిగినవారు కారు. లోకల్ కేబుల్ చానల్‌లో ప్రతి సాయంత్రం పౌర సమస్యల కార్యక్రమం నడిపేవారు. ఆ డివిజన్‌లో ఆయనను గుర్తుపట్టని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ఫలితం వచ్చేసరికి మూడో స్థానంలో నిలిచారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటింది కాబట్టి డిపాజిట్ దక్కింది గానీ, గెలుపు దరిదాపుల్లోకి రాలేదు. చూసేవారి ఆదరణ ఏ వీధిలో ఓటుగా మారింది, ఏ వీధిలో మారలేదు అన్నది దగ్గరగా పరిశీలించే వీలు ఈ ఎన్నికలో దొరికింది. మీడియా నుంచి రాజకీయాల్లోకి రావాలనుకునేవారికీ, వారితో పనిచేసేవారికీ ఉపయోగపడుతుందని ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు, డివిజన్ సంఖ్య, చానల్ పేరు ఇవ్వడం లేదు.

కార్యక్రమానికి అంత ఆదరణ ఎలా వచ్చింది

ఆ ఆదరణకు మూలం ఆయన మాటకారితనం ఒక్కటే కాదు. గుంటూరులో 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2012లో చుట్టుపక్కల పది గ్రామాలను నగరంలో విలీనం చేశారు. రాష్ట్రంలో విజయవాడ వంటి నగరాలకు 2014లో కార్పొరేటర్లు వచ్చినా, గుంటూరు 2021 దాకా ప్రత్యేకాధికారుల పాలనలోనే ఉండిపోయింది. అంటే పదేళ్లకు పైగా ఈ ఊరిలో కుళాయి రాకపోయినా, కాలువ పొంగినా, వీధి దీపం వెలగకపోయినా ఎవరి గుమ్మం ఎక్కి అడగాలో సామాన్యుడికి తెలియని పరిస్థితి. ఆ ఖాళీలోకి ఈ కార్యక్రమం వచ్చింది. వీక్షకులు ఫోన్ చేసేవారు, కెమెరా పట్టుకున్న కుర్రవాడు బండి మీద ఆ వీధికి వెళ్లి తీసుకొచ్చేవాడు, ఆయన తెర మీద నుంచే సంబంధిత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)కో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కో ఫోన్ కలిపి అడిగేవారు. 2018 మార్చిలో ఆనందపేట, సంగడిగుంట ప్రాంతాల్లో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు, నీళ్లు కాచుకుని తాగమని, ఏ వీధిలో ట్యాంకర్ ఎప్పుడొస్తుందో చూసుకోమని చెబుతూ ఆయన గంటల తరబడి తెర మీదే ఉన్నారు. పాత గుంటూరు జనం ఆ రోజులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాబట్టి కార్పొరేటర్ లేని ఊళ్లో కార్పొరేటర్ పనిలో సగం, అంటే అడగడం అనే సగం, ఈయన చేస్తూ వచ్చారు. ఎన్నికలు ప్రకటించగానే మిత్రులు, చానల్‌వారు, చివరికి ఆయన కూడా, ఆ మిగిలిన సగం దానంతటదే వస్తుందని భావించడం సహజమే.

ఎన్నిక మధ్యలో వచ్చిన ఏడాది

ఈ ఎన్నికకు ఇంకో ప్రత్యేకత ఉంది. నామినేషన్లు 2020 మార్చిలోనే వేశారు. కరోనా కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రక్రియను నిలిపివేసింది. సుప్రీంకోర్టు వాయిదాను సమర్థిస్తూనే ప్రవర్తనా నియమావళిని ఎత్తివేయమంది. మళ్లీ 2021 ఫిబ్రవరిలో, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే ప్రక్రియ మొదలైంది. నామినేషన్ వేసిన రోజు కార్యక్రమం వదిలేసిన ఆయన, నియమావళి లేదు కాబట్టి లాక్‌డౌన్ కాలమంతా తిరిగి తెర మీదకు వచ్చారు. ఏ రైతుబజారును ఎక్కడికి మార్చారు, ఏ వీధి కంటెయిన్‌మెంట్‌లో ఉంది, మందుల షాపులు ఎన్నింటిదాకా తెరుస్తారు వంటి వివరాల కోసం ఇంటిల్లిపాదీ ఆ చానల్ పెట్టుకుని కూర్చున్నారు. ఫోన్లు ముందెన్నడూ లేనంతగా పెరిగాయి.

అభ్యర్థులు మారలేదు, డివిజన్ హద్దులు మారలేదు, ప్రేక్షకులు మాత్రం అనేక రెట్లు పెరిగారు. మా వృత్తిలో ఇటువంటి పరిస్థితి కోరుకున్నా దొరకదు. ఎందుకంటే చూసేవారు పెరిగితే ఓటేసేవారు పెరుగుతారన్న నమ్మకం నిజమే అయితే, 2020 మార్చిలో మేము చేసిన మొదటి సర్వేకూ 2021 ఫిబ్రవరిలో చేసిన రెండో సర్వేకూ మధ్య ఆయన బలం స్పష్టంగా పెరిగి ఉండాలి. ఆయన మంచివారనేవారు పెరిగారు. ఆయనకు ఓటేస్తామనేవారు దాదాపు మునుపటంతే ఉన్నారు. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవడమే ఈ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని అయింది.

ఫోన్ల రిజిస్టరును ఓటర్ల జాబితాతో పోల్చినప్పుడు

కార్యక్రమానికి వచ్చిన ప్రతి ఫోన్‌నూ చానల్‌లో ఒకమ్మాయి లాంగ్ నోట్‌బుక్‌లో రాసి ఉంచేది: తేదీ, పేరు, వీధి, సమస్య, చివరి గడిలో పని అయిందా లేదా. ఆ పుస్తకాలు చేతికి వచ్చాక, డివిజన్ ఓటర్ల జాబితాను పార్టుల వారీగా, అంటే జాబితాలోని ఒక్కో భాగం విడిగా, ప్రింట్ తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఇంటి నంబర్ల ప్రకారం సరిపోల్చడం మొదలుపెట్టాం. అది విసుగు పుట్టించే పని. పుస్తకంలో ‘మసీదు పక్క సందు, రేకుల ఇల్లు’ అని ఉంటుంది. జాబితాలో అడ్డగీతలతో నాలుగు అంకెల డోర్ నంబరు ఉంటుంది. ఫోన్ చేసింది ఇల్లాలు. కేబుల్ కనెక్షన్ భర్త పేరిట. జాబితాలో ఆమె ఇంటిపేరు పుట్టింటిదే ఉండిపోయింది. వీధిలో పాతకాపులను, పాలు పోసేవారిని అడిగి ఒక్కొక్కరినీ తేల్చుకున్నాం.

తేలినది ఏమిటంటే, ఫోన్ చేసినవారిలో చాలామందికి ఆ డివిజన్‌లో ఓటే లేదు. కొందరు కాలువకు అవతలి డివిజన్‌వారు. కేబుల్ వైరుకు డివిజన్ హద్దు ఉండదు. అంతకంటే పెద్ద వర్గం అద్దెకున్నవారు. సత్తెనపల్లి, ప్రత్తిపాడు, పొన్నూరు వైపు ఊళ్ల నుంచి మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో పనికి వచ్చి, పిల్లల చదువుల కోసం ఇక్కడే ఉండిపోయినవారు. వారి ఓట్లు సొంతూళ్లలోనే ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు వారంతా బస్సెక్కి వెళ్లి ఓటేసి వచ్చారు. మార్చిలో గుంటూరులో వేయడానికి వారికి ఓటు లేదు. వారు రోజూ చూస్తున్న కార్యక్రమం ఈ ఊరిది, వారు పౌరులుగా లెక్కలోకి వచ్చేది ఇంకో ఊళ్లో. వీరిలో కొందరు ఆయన కోసం ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేశారు కూడా. వారి ఆపేక్షలో నిజాయితీ లోటేమీ లేదు, జాబితాలో పేరు మాత్రమే లేదు.

టీవీ రేటింగుల మీద, యూట్యూబ్ లెక్కల మీద ఆధారపడి రాజకీయంలోకి దిగేవారికి నేను ఈ విషయాన్ని మొదట చెబుతాను. టీవీ చూసేవారిని లెక్కగట్టే సంస్థ బార్క్ ఇచ్చే రేటింగుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకే మార్కెట్. యూట్యూబ్ చూపించే లెక్కలు మహా అయితే నగరం దాకా వస్తాయి. సినిమా పంపిణీదారులు నైజాం, సీడెడ్, కృష్ణా, గుంటూరు అని పంచుకునే ఏరియాలకూ శాసనసభ నియోజకవర్గాలకూ పొంతన లేదు. ఈ లెక్కలన్నీ ప్రకటనలు అమ్ముకోవడానికి, ప్రదర్శన హక్కులు అమ్ముకోవడానికి తయారైనవి. పార్టు నంబరు దగ్గరికి వచ్చేసరికి అవి ఏమీ చెప్పవు.

అయినా ఓటున్న ప్రేక్షకులే ఆయనకు ఓటెందుకు వేయలేదు

జాబితా సంగతి సగమే. ఓటున్నవారు, రోజూ చూసేవారు, ఆయనంటే గౌరవం ఉన్నవారు కూడా పెద్ద సంఖ్యలో వేరొకరికి వేశారు. ఫలితాల తర్వాత మేము వీధుల వారీగా ఇళ్లకు వెళ్లి మాట్లాడాం. ఎవరికి వేశారని అడిగితే గెలిచినవారి పేరే చెబుతారు, అది మా వృత్తిలో అందరికీ తెలిసినదే. అందుకని ఎవరికి అని అడగకుండా, ఇంట్లో ఈ విషయం ఎప్పుడు మాట్లాడుకున్నారు, ఎవరి మాట మీద నిర్ణయానికి వచ్చారు అని మాత్రమే అడిగాం. ఒక ఇంటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న పెద్దావిడ చెప్పిన మాట నా నోట్సులో అలాగే ఉంది: “మా వీధి కోసం టీవీలో అడిగే మనిషి ఆయనొక్కడే బాబూ. ఆయన్నీ అటు పంపిస్తే ఇక మా తరఫున ఎవరడుగుతారు?” ఆమెకు ఆయన మీద అపనమ్మకం లేదు. ఆయన ఉన్నచోటే ఉండాలన్నది ఆమె కోరిక, అందుకే ఓటు వేయలేదు. ఇదే మాట కొంచెం అటూ ఇటూగా ఇతర వీధుల్లోనూ వినపడింది. అడిగే మనిషి, చేయించే మనిషి వేరువేరుగా ఉండాలని ప్రేక్షకులు తమకు తామే ఒక ఏర్పాటు చేసుకున్నారు. దానిని అమాయకత్వమని నేను అనుకోను. పదేళ్లు పాలకవర్గం లేని ఊళ్లో, తమకు దొరికిన ఒక్క సాధనాన్ని కాపాడుకోవాలనుకోవడం చాలా తెలివైన ఆలోచన.

రెండో కారణం గుమ్మం దాకా వచ్చే మనుషులది. 2019 నుంచి యాభై, వంద ఇళ్లకు ఒకరు చొప్పున వార్డు వాలంటీర్లు, ఆపైన వార్డు సచివాలయాలు వచ్చాయి. నెల మొదటి తేదీన పింఛను చేతికి ఇచ్చే మనిషి, ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఏ పథకం రాలేదో తెలిసిన మనిషి అప్పట్లో ఆ వీధిలోనే ఉండేవారు. తెర మీద కనిపించే మనిషికి తన వీక్షకుల చిరునామాలు తెలియవు. ఆ ఎన్నికల్లో గుంటూరులోని 57 డివిజన్లలో 44 అప్పటి అధికార పక్షానికి దక్కాయి. దానికి ఇంకా అనేక కారణాలుంటాయి, వాటి జోలికి ఇక్కడ వెళ్లను. ఒక స్వతంత్ర అభ్యర్థి ప్రతి బూత్‌కూ ఏజెంటును కూర్చోబెట్టలేకపోయినచోట, ప్రతి వీధికీ స్లిప్పులు పంచే మనిషిని పెట్టలేకపోయినచోట, చూసేవారి అభిమానాన్ని పోలింగ్ కేంద్రం దాకా నడిపించే చేయి లేకుండా పోయింది. మా ప్రచారంలో స్వచ్ఛందంగా పనిచేస్తామని పేరిచ్చిన కుర్రవాళ్లలో చాలామంది పోలింగ్ రోజు ఉదయం పదకొండింటికి వీడియోలు తీస్తూ కనిపించారు. వారికి తెలిసిన సేవ అది.

ఓటుగా మారిన మూడు సందులు

ఇక ఆదరణ ఓటుగా మారినచోటి సంగతి. డివిజన్‌లో వాగు వైపు ఆనుకుని ఉన్న మూడు సందుల్లో ఆయనకే ఎక్కువ ఓట్లు పడ్డాయని మా ఏజెంట్ల అంచనా, తర్వాత ఇళ్లలో విన్న మాటలూ ఒక్కటే చెప్పాయి. మొదట నేను అనుకున్నది అక్కడ చూసేవారు ఎక్కువని. కాదు. కేబుల్ ఆపరేటర్ లెక్క ప్రకారం ఆ సందుల్లో కనెక్షన్లు తక్కువ. ఎక్కువ ఉన్నది మెయిన్ రోడ్డు మీది అపార్ట్‌మెంట్లలో, ఆయనకు ఓట్లు బాగా తక్కువ పడిందీ అక్కడే.

తేడా నోట్‌బుక్ చివరి గడిలో కనిపించింది. ఆ మూడు సందుల నుంచి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ వాటి ఎదురుగా ‘పని అయింది’ అని ఉంది. ఒక సందులో మంచినీటి పైపు మురుగు కాలువ లోపలి నుంచి వెళ్తుండేది. ఆయన ఆ పైపు మీద వరుసగా కార్యక్రమాలు చేసి, ఆఖరుకు ఇంజినీర్లు వచ్చి పైపును కాలువ గట్టు పైకి ఎత్తి వేసేదాకా వదిలిపెట్టలేదు. ఆ రోజు తానూ వచ్చి నిలబడ్డారు. ఆ సందులో పెద్దలు, ఆడవాళ్లు ఆ పైపును వేలు పెట్టి చూపించి ఆయన గురించి మాట్లాడారు. అపార్ట్‌మెంట్లలోనివారు మాట్లాడింది ఆయన ధైర్యం గురించి, అధికారులను నిలదీసిన తీరు గురించి. వారు చూసింది ఇతరుల కష్టాన్ని. వారికి అది మంచి కార్యక్రమం, అంతవరకే.

కాబట్టి ఈ కేసులో ఆదరణకూ ఓటుకూ మధ్య ఉన్నది, ఆ ఓటరు ఇంటి ముందు పూర్తయిన పని. చూసినవారి సంఖ్య కాదు, చూసిన గంటలూ కాదు. రెండో సర్వేలో బలం ఎందుకు పెరగలేదో కూడా దీనితోనే అర్థమవుతుంది: లాక్‌డౌన్ ఏడాదిలో ఆయన ఇచ్చింది సమాచారం, ఆ సమాచారం ఊరందరికీ ఒకేలా అందింది. ఏ వీధికీ ప్రత్యేకంగా ఒక పని జరగలేదు. జరిగే వీలూ లేదు, మునిసిపల్ యంత్రాంగమంతా కరోనా పనిలో ఉంది.

పెద్ద తెర మీదా ఇదే

ఈ మాట డివిజన్ స్థాయికే పరిమితమని కొందరు మిత్రులు అన్నారు, నేను ఒప్పుకోను. సినిమా అభిమానం ఓటుగా మారిన మహా ఉదాహరణగా ఎన్టీ రామారావును చూపిస్తారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాల్లో 201 గెలిచారు. నిజమే. అయితే అదే నటుడు, అదే అభిమానులు 1989లోనూ ఉన్నారు. పార్టీకి 74 స్థానాలే వచ్చాయి, ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు. 1994లో మళ్లీ 216. సినిమా చూసినవారు ఆ పదకొండేళ్లలో మారలేదు. మారింది ప్రభుత్వం మీద ప్రజల అభిప్రాయం, రెండు రూపాయల కిలో బియ్యం వంటి పనులు ఇంటికి చేరిన తీరు. పైగా 1983లో ఆయనకు ముందే సిద్ధంగా ఉన్నవి థియేటర్ల వారీగా, సెంటర్ల వారీగా ఏర్పడిన అభిమాన సంఘాలు. అవి ఊరూ పేరూ చిరునామా ఉన్న సంఘాలు. చైతన్యరథం వచ్చే రోజుకు కూడలిలో జనాన్ని నిలబెట్టింది వారే.

2009లో ప్రజారాజ్యం పార్టీకి 16 శాతానికి పైగా ఓట్లు వచ్చి 18 స్థానాలే దక్కాయి. రాష్ట్రమంతటా పల్చగా పరుచుకున్న అభిమానం చాలాచోట్ల మొదటి స్థానానికి సరిపోలేదు. జనసేన 2019లో సుమారు 5.5 శాతం ఓట్లతో ఒక్క స్థానం గెలిచింది. 2024లో పొత్తులో 21 స్థానాలకే పరిమితమై, ఏడు శాతానికి కొంచెం తక్కువ ఓట్లతో 21కి 21 గెలిచింది. పొత్తు వల్ల బదిలీ అయిన ఓట్లది ఇందులో ప్రధాన పాత్ర. ఎక్కడ పోటీ చేయాలి, అక్కడ గుమ్మం దాకా వెళ్లే మనుషులు ఎవరి దగ్గర ఉన్నారు అన్న లెక్కకు కూడా అందులో పాత్ర ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి బుర్రకథలకు వచ్చిన జనం గురించి తరచూ చెబుతుంటారు. పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ కథ చెబుతుంటే వేల మంది తెల్లవార్లూ కూర్చునేవారు. 1955 ఎన్నికల్లో మాత్రం కమ్యూనిస్టులకు 196లో 15 స్థానాలే వచ్చాయి, కాబట్టి కథ వినడానికి వచ్చినవారు ఓటేయలేదని ముగిస్తారు. ఆ ముగింపు తప్పు. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు వచ్చాయి, 1952 కంటే ఎక్కువే. ఎదుటి పక్షాల్లో ప్రధానమైనవి ఒక్కటి కావడంతో స్థానాలు పోయాయి. పాలేరు కూలి గురించి, భూమి గురించి ఆ కళాకారులు చెప్పిన కథకు వెనకాల ఆ ఊళ్లోనే పనిచేసే రైతుసంఘం, కూలిసంఘం ఉండేవి. విన్నవారు ఓటేశారు.

ఎన్నిక తర్వాత చానల్‌కు జరిగినది

ఈ కేసులో నన్ను ఎక్కువగా బాధించినది ఓటమి కాదు. ఎన్నిక ముగిశాక ఆయన కార్యక్రమానికి తిరిగి వచ్చినప్పుడు, వేరే పార్టీలకు ఓటేసిన ఇళ్ల నుంచి ఫోన్లు తగ్గిపోయాయి. గతంలో ఆయన ఫోన్ చేస్తే ‘చూస్తామండీ’ అనే అధికారులు, ఇప్పుడది ఓడిపోయిన అభ్యర్థి ఫోన్ అన్నట్టు తీసుకోవడం మొదలుపెట్టారు. కొత్త కార్పొరేటరు తన డివిజన్‌లో కెమెరా తిప్పడాన్ని తన మీద పోరుగా భావించారు. పెద్దావిడ భయపడ్డట్టే, అడిగే మనిషి లేకుండా పోయారు, గెలవకుండానే పోయారు. ప్రేక్షకుల నమ్మకాన్ని ఓట్లపెట్టెలోకి తీసుకెళ్లినప్పుడు, అది ఓటుగా మారకపోతే తిరిగి పాత రూపంలోకి రాదు. ఒక ఊరు పదేళ్లుగా కూడబెట్టుకున్న నమ్మకం అది. అభ్యర్థి ఒక్కడి ఆస్తి కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. లాక్‌డౌన్‌లో నియమావళి అడ్డులేకపోయినా, నామినేషన్ వేసిన వ్యక్తి ఆ కార్యక్రమంలో కూర్చోవడం సరికాదని అప్పుడే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను.

కొన్ని నెలల తర్వాత చానల్‌వారు కార్యక్రమాన్ని నోట్‌బుక్ రాసే ఆ అమ్మాయికే అప్పగించారు. ఫోన్లు మెల్లగా తిరిగి వచ్చాయి. ఆయన ఇప్పుడు తెర వెనక ఉండి ఏ ఫిర్యాదు ఏ అధికారికి వెళ్లాలో చూస్తున్నారు, మూడు సందుల పెద్దలు పని ఉంటే నేరుగా ఆయన ఇంటికే వెళ్తున్నారు.

2024 ఎన్నికల ముందు యూట్యూబ్ చానళ్లు నడిపే ఇద్దరు విజయవాడ నుంచి సలహా కోసం వచ్చారు. సబ్‌స్క్రైబర్ల సంఖ్య పక్కన పెట్టి, మీరు తీసిన వీడియో వల్ల పని జరిగిన ఇళ్ల చిరునామాలు రాసి తీసుకురమ్మని అడిగాను. ఒకరు తిరిగి రాలేదు. రెండోవారు ఒక పేజీ తెచ్చారు. ఆ చిరునామాలు నాలుగు నియోజకవర్గాల్లో చెదిరి ఉన్నాయి. ఆ పేజీ చూసుకుని ఆయనే పోటీ ఆలోచన మానుకున్నారు, చానల్ మాత్రం ఇప్పటికీ నడుపుతున్నారు.